గిరీశం కన్ను కొడితే నాటకం చెడినట్టేనా?

తెరవెనుక (మహబూబ్‌నగర్)
సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. సలహా కోసం రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా కాలనీ పిల్లలు, నలుగురైదుగురు టీచర్లం కలిసి గురజాడ నాటకం కన్యాశుల్కం నుంచి డెబ్బై నిమిషాల ముక్క ఒకటి తయారు చేస్తున్నాం. మొత్తం ఆడితే తెల్లారిపోతుంది, మాకేమో హాలు రెండు గంటలకే దొరికింది. మంచం కింద సీను, గిరీశం-వెంకటేశం సీను, గిరీశం-బుచ్చమ్మ సీను, దొంగ పెళ్లికూతురు, కంటె (మెడలో నగ) గొడవ, చివర్లో వకీలు సౌజన్యారావు పంతులు ఇల్లు. అంతే.

తలనొప్పి గిరీశంతో వచ్చింది, అదే నాటకంలో గొప్పలు చెప్పి అందరినీ బుట్టలో వేసే కుర్రాడు. వేసే పిల్లాడికి 22 ఏళ్లు. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. గొంతు బాగుంది, నడక బాగుంది, చుట్ట పట్టుకోవడం కూడా నేర్చాడు. కానీ అబద్ధం చెప్పిన ప్రతిసారీ జనం వైపు తిరిగి ఎడమ కన్ను కొడతాడు, పెదవి ఓ పక్కకు లాగుతాడు. తను చదువు చెప్పే వెంకటేశం ముందు కోతలు కోస్తాడు, కన్ను. వెంకటేశం అక్క, వితంతువు బుచ్చమ్మ ముందు పెద్ద మాటలు, కన్ను. నిన్న రిహార్సల్లో లెక్కపెట్టాను, పదిహేడు సార్లు. ఆపరా అంటే "కొట్టకపోతే ఈయన మోసగాడని జనానికి ఎట్ల తెలుస్తది సార్?" అంటున్నాడు.

తప్పని నాకు అనిపిస్తోంది. ఎందుకు తప్పో వాడికి చెప్పలేకపోతున్నా.

---

మిర్యాల మిల్లు (మిర్యాలగూడ)
సోమవారం, రాత్రి 10:58

పదిహేడు సార్లంటే ముందు కంటి డాక్టర్‌కి చూపించండి సార్.

---

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)
సోమవారం, రాత్రి 11:31

మీ మంచం కింద సీనే తీసుకోండి. రామప్పంతులు వేశ్య మధురవాణి ఇంటికి వస్తాడు. గిరీశం తలుపు కొట్టగానే మంచం కింద దూరతాడు. గిరీశం లోపలికొచ్చి దర్జా వెలగబెడుతుంటాడు. మంచం కింద మనిషి ఉన్నాడని మధురవాణికి తెలుసు, మనకు తెలుసు, గిరీశానికి తెలియదు. అంతలో గిరీశం చేతిలో మోసపోయిన పూటకూళ్లమ్మ చీపురు పట్టుకొని వస్తుంది, గిరీశమూ అదే మంచం కిందికి. హాలు పగలబడి నవ్వేది ఎందుకు? వాళ్లకు తెలియనిది మనకు తెలుసు కాబట్టి.

మనకు ముందే తెలిసిన దాన్ని నటుడు మళ్లీ కన్ను కొట్టి చెబితే, పొడుపుకథ వేసి విడుపు కూడా వాడే చెప్పేసినట్టు. జనం చేసుకోవాల్సిన పని జనానికి వదలడం లేదు మీ పిల్లాడు.

ఇంకోటి. గిరీశం అబద్ధం ఆడుతున్నానని ఆ నిమిషంలో అనుకోడు. వితంతు వివాహాల మీద లెక్చర్ దంచుతున్నప్పుడు నిజంగా సంస్కర్తే అయిపోతాడు. దిగొచ్చాక ఆకలేస్తే మళ్లీ మామూలు మనిషి. రంగస్థలం మీద జె.వి. రమణమూర్తి గారి గిరీశానికి అంత పేరు వచ్చింది కదా, ఆయన ఆ పాత్రతో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగారు. గిరీశాన్ని దొంగలా వేస్తే అన్నేళ్లు ఎవరూ చూడరు. దొరలా వేయాలి.

---

కొల్లాపూర్ మామిడి (కొల్లాపూర్)
మంగళవారం, ఉదయం 7:15

నాదొక డౌట్ అన్నా. 1955 సినిమాలో ఎన్.టి.రామారావు గిరీశాన్ని చూస్తే కోపమే రాదు, ముద్దొస్తడు. మా హాస్టల్ల "నువ్వు గిరీశంరా" అంటే పొగిడినట్టు. మరి జనం వాణ్ణి మెచ్చుకొని ఇంటికి పోతే మోసాన్ని నేర్పినట్టే కదా? కన్ను కొడితే కనీసం "వీడు దొంగ, జాగ్రత్త" అని చెప్పినట్టు ఉంటది.

---

గద్వాల జరీ (మహబూబ్‌నగర్, పుట్టిల్లు గద్వాల)
మంగళవారం, మధ్యాహ్నం 1:20

మామిడి తమ్ముడూ, నీ ప్రశ్న బాగుంది గానీ దొంగ గిరీశం ఒక్కడేనా? స్టాఫ్ రూంలో లంచ్ డబ్బా పక్కన పెట్టుకొని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

కరటకశాస్త్రి తన శిష్యుడికి చీర కట్టి, ఆడపిల్ల అని చెప్పి ముసలి లుబ్ధావధాన్లకు పెళ్లి చేస్తాడు. పచ్చి దగా. అది తెలిసీ మధురవాణి సాయం చేస్తుంది. ఆమెది కూడా దగానే. తర్వాత మగవేషం కట్టి సౌజన్యారావు పంతులు ఇంట్లో అడుగుపెడుతుంది. పెళ్లికూతురు మాయమై లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు పడేదాకా పోయింది ఈ బొంకు. అయినా మనం ఎవరి పక్షాన కూర్చుని నవ్వుతాం? కరటకశాస్త్రి పక్షాన.

ఇప్పుడు అగ్నిహోత్రావధాన్లును చూడు. తన కూతురు, చిన్నపిల్ల సుబ్బిని 1800 రూపాయలకు ఆ లుబ్ధావధాన్లకే ఇవ్వడానికి బేరం కుదుర్చుకున్నాడు. ఒక్క ముక్క అబద్ధం ఆడడు. దాచడు. సిగ్గుపడడు. అరిచి మరీ చెబుతాడు. ఆ నాటకంలో అందరికంటే ఘోరమైన పని చేసేది అబద్ధం ఆడని మనిషి. ఆ పిల్లను కాపాడడానికి బొంకినవాళ్లంతా నవ్వించేవాళ్లు.

గురజాడ 1897లో అచ్చువేసిన మొదటి ప్రతికి రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లను విజయనగరం మహారాజు పట్టీ వేయిస్తే 1,034 తేలాయి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి ఈ పట్టీ కూడా పూర్తిది కాదని ఆయనే రాశాడు. అంటే లెక్కలోనే బొంకు ఉంది.

నాకైతే మీ గిరీశం కన్ను కంటే అగ్నిహోత్రావధాన్లు సీను కోసేశారన్నదే బాధగా ఉంది సార్. ఆయన లేకుండా మిగతావాళ్ల అబద్ధాలకు అర్థం ఏముంటుంది?

---

తెరవెనుక
మంగళవారం, సాయంత్రం 6:05

మేడం, దొరికిపోయా. టైం కోసం కోశాను. ఐదు నిమిషాలు ఎక్కడి నుంచి లాగాలో చూస్తా.

---

పానగల్లు చెరువు (నల్లగొండ)
మంగళవారం, రాత్రి 9:40

జరీ మేడం మాటకు నాదో అతుకు. కరటకశాస్త్రి మామూలు మనిషి కాదు, మహారాజా వారి నాటకాల్లో విదూషకుడు. శిష్యుడు ఆడవేషాలు కట్టేవాడు. అంటే ఆ దొంగ పెళ్లి, నాటకాల వాళ్లు రాజు గారి స్టేజీ దిగి ఊళ్లో ఆడిన నాటకం. టికెట్ మాత్రం లుబ్ధావధాన్లు కొన్నాడు, అది టికెట్ అని ఆయనకు తెలియదు.

మన వైపు భాగోతం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. మా చిన్నప్పుడు పగటి వేషాల వాళ్లు వచ్చేవాళ్లు. ఒకరోజు పోలీసు, ఒకరోజు సోమయాజులు-సోమిదేవమ్మ. మా నాయనమ్మ ఒకసారి పోలీసు వేషానికి నిజంగానే జడిసి, అరుగు మీది వడ్ల బస్తా లోపలికి ఈడ్చింది. ఎందుకు జడిసిందో ఆమెకే తెలియాలి! అన్ని వేషాలూ అయ్యాక చివరి రోజు వేషం లేకుండా ఇంటింటికీ వచ్చేవాళ్లు, ఇచ్చింది తీసుకోవడానికి. అదే పోలీసు అరుగు కింద చేతులు కట్టుకొని నిలబడితే నాయనమ్మ రెండు తవ్వల జొన్నలు ఎక్కువే పోసింది. మోసపోయినందుకు కోపం లేదు ఆమెకు.

చిందు భాగోతం వాళ్ల బుడ్డర్‌ఖాన్ వేషం కూడా అంతే. రాజునూ నవ్విస్తాడు, రాజు మీదా నవ్విస్తాడు. కానీ కన్ను కొట్టి "నేను ఉత్తగనే అంటున్నా" అని ఎప్పుడూ చెప్పడు.

ఇక కన్ను సంగతి. రష్యాలో గోగోల్ 1836లో ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే కామెడీ ఆడించాడు. ఊళ్లో దిగిన చిల్లిగవ్వ లేని కుర్రాణ్ణి రాజధాని నుంచి వచ్చిన తనిఖీ అధికారి అనుకొని ఊరి ఆఫీసర్లంతా లంచాలు మేపుతారు. ఆ కుర్రాడు హ్లెస్తకోవ్ గప్పాలు కొడుతూ పోతాడు. ఆ పాత్ర వేసేవాళ్లకు గోగోల్ చెప్పింది ఇదే: వాడు వృత్తి మోసగాడు కాదు, అబద్ధం చెబుతున్నానన్న సంగతే మరిచిపోతాడు, తన మాటలు తానే నమ్మేస్తాడు, ఎక్కువ చేసి వేయకండి అని. నాటకం ఆడిన మొదటిసారి ఆ పాత్రను మామూలు కోతలరాయుడిలా వేశారని గోగోల్ చాలా బాధపడ్డాడు కూడా. మీ బాధ 1836 నుంచి ఉన్నదే సార్.

---

మిర్యాల మిల్లు
మంగళవారం, రాత్రి 10:12

తనిఖీ అధికారి అనుకొని వేరేవాడికి మేపడం మా మిల్లుల దగ్గర కథలాగే ఉంది. ఇంకా ఎక్కువ రాస్తే రేపు నిజంగానే తనిఖీకి వస్తారు.

---

తెరవెనుక
బుధవారం, రాత్రి 9:25

ఇంకో సంగతి బయటపెట్టక తప్పడం లేదు. మాకు డబ్బు సాయం చేస్తున్న పెద్దమనిషి ఒకాయన రిహార్సల్ చూసి, "రామప్పంతులుకు మన పాలమూరు యాస పెట్టండి, మిగతావాళ్లను పుస్తకంలో ఉన్నట్టే ఉంచండి, మస్తు నవ్వొస్తది" అన్నారు. ఏమంటారు?

---

కొల్లాపూర్ మామిడి
బుధవారం, రాత్రి 9:31

వద్దు సార్. దండం పెడతా.

---

పిల్లలమర్రి నీడ
బుధవారం, రాత్రి 10:50

ఒద్దే ఒద్దు. సినిమాల్లో ఇన్నేళ్లు రౌడీకి, బ్రోకర్‌కి, తాగుబోతుకి మన యాస పెట్టారు. హీరోకు పుస్తకం భాష, దొంగకు మన భాష. హాల్లో కూర్చుని మనమే నవ్వాం, టికెట్ కొని మరీ. ఇప్పుడు మన ఊళ్లో, మన స్టేజీ మీద, మన చేతుల్తోనే దగాకోరు నోట్లో మన మాట పెట్టాలా? రామప్పంతులు విజయనగరం ప్రాంతం మనిషి. ఆయన లంపటం ఆయన యాసలోనే ఉండనీయండి.

పెట్టాలంటే అందరికీ పెట్టండి. మధురవాణికీ, సౌజన్యారావు పంతులుకీ. అప్పుడు అభ్యంతరం లేదు.

---

పానగల్లు చెరువు
గురువారం, ఉదయం 6:50

అందరికీ పెడితే ఇంకో చిక్కుంది అన్నా. గిరీశం మోసంలో సగం ఆయన మాటల్లోనే ఉంది. తెలుగు మధ్యలో ఇంగ్లీషు ముక్కలు పొదగడం, వినేవాడికి అర్థం కాకపోవడమే పెట్టుబడి. యాస మార్చవచ్చు, ఆ అతుకుల బొంత మాత్రం చెడగొట్టకూడదు. మీ పిల్లాడు ఆ ఇంగ్లీషును శుద్ధంగా పలికితే పాత్ర పోతుంది, మరీ తప్పుగా పలికితే జోకర్ అవుతాడు.

మనిషిని చూసి నవ్వడం వేరు, మనిషి పుట్టుకను చూసి నవ్వడం వేరు. చింతామణి నాటకం గతి చూశాం కదా. కాళ్లకూరి నారాయణరావు రాసింది ఒకటైతే, ఊరూరా ఆడేవాళ్లు అందులో లోభి వైశ్యుడు సుబ్బిశెట్టికి బూతు జోకులు కలుపుతూ పోయారు. నవ్వు లోభి మీద నుంచి కులం మీదికి జారింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. నిషేధం సరైనదా అంటే నేను కాదంటాను. కానీ జోకులు కలిపినవాళ్లు మాత్రం అమాయకులు కారు.

---

మోడరేటర్
గురువారం, ఉదయం 9:00

చింతామణి మీద ప్రత్యేక చర్చ పాతది ఒకటి ఉంది, దయచేసి అక్కడికి వెళ్లండి. రెండు కామెంట్లు తీసేశాను. ఇక్కడ గిరీశం కన్ను గురించే మాట్లాడుకుందాం.

---

గద్వాల జరీ
గురువారం, మధ్యాహ్నం 1:45

కన్ను గురించే. మొలియేర్ తార్తూఫ్ అని ఒకటుంది, ఫ్రెంచి వాళ్లది. దొంగ భక్తుడు ఇంట్లో చేరి ఇంటాయన్ని బుట్టలో వేసుకుంటాడు. 1664లో రాజు ముందు ఆడితే మతపెద్దలు గోల చేసి ఆపించారు, స్వేచ్ఛగా ఆడుకోవడానికి 1669 దాకా ఆగాల్సి వచ్చింది. అందులో ఆ దొంగ మొదటి రెండు అంకాల్లో స్టేజీ మీదికే రాడు. మూడో అంకంలో వస్తాడు. అప్పటికి ఇంట్లో ఒకరు దేవుడంటారు, ఒకరు దొంగంటారు, మనకు అంతా తెలిసిపోయి ఉంటుంది. వచ్చాక కన్ను కొట్టాల్సిన అవసరం ఏముంది?

చివరికి ఇంటాయన్ని బల్ల కింద దాచి, భార్య ఆ దొంగతో మాట్లాడి నిజం బయటపెట్టిస్తుంది. మన దగ్గర మంచం, వాళ్ల దగ్గర బల్ల. కామెడీలో నిజం ఎప్పుడూ ఏదో ఒకదాని కిందే ఉంటుంది కాబోలు.

సార్, మీకు కంటె దొరికిందా? మా అమ్మ గిల్టు కంటె ఒకటి ఉంది. స్టేజీ మీద లైటు పడితే బంగారమే అనిపిస్తుంది. వెనక హుక్కు కొంచెం నాజూకు, జాగ్రత్తగా వాడితే ఇస్తా.

---

తెరవెనుక
గురువారం, రాత్రి 8:30

మేడం, మీ రుణం తీర్చుకోలేం. రేపే వచ్చి తీసుకుంటా. యాస సంగతి పెద్దమనిషికి చెప్పేశాను, ముఖం కొంచెం మాడ్చుకున్నారు గానీ చెక్కు ఇచ్చారు. అగ్నిహోత్రావధాన్లుకు ఆరు నిమిషాలు దొరికాయి.

కన్ను మాత్రం తగ్గలేదు. గోగోల్ గురించి చెబితే శ్రద్ధగా విని, తలూపి, వెళ్లి మళ్లీ కొట్టాడు. పదకొండు.

---

మిర్యాల మిల్లు
గురువారం, రాత్రి 8:52

సార్, ఈసారి జోకు కాదు. పిల్లాడు గ్రూప్స్ రాస్తున్నాడన్నారు కదా. ప్రిలిమ్స్ అయ్యాక ఇంటికెళ్లినప్పుడు వాళ్ల నాన్న "ఎట్ల రాసినవ్‌రా?" అని అడిగే ఉంటాడు. అప్పుడు ఏం చెప్పాడో అడగండి. ఆ చెప్పేటప్పుడు కన్ను కొట్టాడా అని కూడా అడగండి.

---

పానగల్లు చెరువు
గురువారం, రాత్రి 9:05

మిల్లు గారూ, మీరు థియేటర్ మీద పుస్తకం రాయాలి.

నాకూ ఒక పాత గాయం గుర్తొచ్చింది. పేర్లు వద్దు. చాలా ఏళ్ల కింద ఒక ఊళ్లో పోటీకి వెళ్లాం. మాది లంచాల మీద హాస్య నాటిక. బహుమతి నగదు అన్నారు. మొదటి బహుమతి మాకే వచ్చింది, చేతిలో షీల్డు పెట్టి ఫొటో తీశారు, నగదు "ఆఫీసులో కలవండి" అన్నారు. ఆఫీసు ఎక్కడో ఇప్పటిదాకా తెలియలేదు. తిరుగు బస్సులో షీల్డు మీది స్టిక్కర్ ఊడింది, కింద ఇంకో నాటకం పేరు చెక్కి ఉంది. మా హాస్యనటుడు షీల్డును ఒళ్లో పెట్టుకొని నల్లగొండ దాకా నవ్వుతూనే ఉన్నాడు. స్టేజీ మీద అంత సహజంగా ఎప్పుడూ నవ్వలేదు వాడు.

---

కొల్లాపూర్ మామిడి
శుక్రవారం, ఉదయం 7:40

ఒకటి మిగిలింది. సౌజన్యారావు పంతులు ఒక్కడే కదా పూర్తి నిజాయితీపరుడు? ఆయన సీనులో మా లెక్చరర్ కూడా నిద్రపోతడు. నిజాయితీని స్టేజీ మీద చూపిస్తే బోర్ ఎందుకు కొడతది?

---

పిల్లలమర్రి నీడ
శుక్రవారం, ఉదయం 10:20

బోర్ కొట్టేది వేసేవాళ్ల వల్ల తమ్మీ. ఆయన్ని విగ్రహంలా నిలబెడతారు. ఆయన నిజాయితీ వెనక ఒక గుడ్డితనం ఉంది, దాన్ని వేయరు. గిరీశం తియ్యటి కబుర్లు నమ్మి గొప్ప సంస్కర్త అనుకున్నది ఆయనే కదా? వేశ్యలంటే ముఖం తిప్పుకునే ఆ పెద్దమనిషికి, ఎదురుగా మగవేషంలో కూర్చుని మాట్లాడుతున్నది వేశ్య మధురవాణే అని తెలియదు. బొంకని మనిషి అందరికంటే సులువుగా మోసపోతాడు. ఆ కంగారు, ఆ చిన్నబోవడం చూపిస్తే నీ లెక్చరర్ లేచి కూర్చుంటాడు.

ఆఖర్న గిరీశానికి జైలు లేదు, దెబ్బలు లేవు. బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపుతారు, ఆయనకు మిగిలింది "డామిట్, కథ అడ్డంగా తిరిగింది" అన్న ఒక్క మాట. ఆ మాట మనం ఇప్పటికీ బస్సు తప్పిపోయినా అంటాం. అక్కడ కన్ను కొడితే మాత్రం నేనే స్టేజీ ఎక్కి కొడతా.

---

తెరవెనుక
ఆదివారం, రాత్రి 11:55

అయిపోయింది. ఇప్పుడే ఇంటికొచ్చా, కాళ్లు కడుక్కొని రాస్తున్నా.

ముందు మిల్లు గారికి వందనాలు. శుక్రవారం పిల్లాణ్ణి పక్కకు పిలిచి ప్రిలిమ్స్ సంగతి అడిగాను. ఎర్రబడ్డాడు. "పేపర్ టఫ్ ఇచ్చిండ్రు నాన్నా, అయినా కటాఫ్ దాటుత అని చెప్పిన" అన్నాడు. కన్ను కొట్టావా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు రిహార్సల్లో రెండే. నిన్న సున్నా.

హాలు ముప్పాతిక నిండింది. మంచం కింద సీనులో పూటకూళ్లమ్మ చీపురు విరిగి ముక్క మొదటి వరసలో పడింది, నవ్వు ఆగలేదు. అగ్నిహోత్రావధాన్లు 1800 అని గట్టిగా అన్నప్పుడు కొందరు నవ్వారు, వెంటనే ఆపేశారు. ఆ ఆగడం నాకు వినపడింది మేడం, మీరు చెప్పింది నిజం. గిరీశం బుచ్చమ్మతో మాట్లాడుతుంటే నా పక్కన కూర్చున్న ముసలామె "పిలగాడు మంచోని లెక్కనే ఉన్నడు" అని పక్కామెతో అంది. చివర్లో పూనా మాట రాగానే "ఎవరిని తోడిచ్చి పంపుతున్రు?" అని నన్ను అడిగింది.

ఇక బాధపడే విషయం. జరీ మేడం కంటె హుక్కు విరిగింది. సామాను సర్దేటప్పుడు చూశాను. శిష్యుడు వేసినవాడు "తీసిచ్చినప్పుడు బాగనే ఉండె" అన్నాడు. మధురవాణి "నా దాకా రానే లేదు" అంది. లైట్లు, మేకప్పు, అందరినీ అడిగాను. ఆఖరికి గిరీశాన్ని అడిగాను. నా కళ్లలోకి సూటిగా చూసి "నాకేం తెలుసు సార్, నేను దాన్ని ముట్టనే లేదు" అన్నాడు.

కన్ను కొట్టలేదు.

---

గద్వాల జరీ
సోమవారం, ఉదయం 6:10

హుక్కు నూట యాభైలో అయిపోతుంది సార్, అమ్మకు నేను చెప్పుకుంటా. ఆ పిల్లాడి చేతే పంపించండి.